సిద్ధం కాకముందే దిగాలా, సిద్ధమయ్యాకే దిగాలా?

వేకువ
ఈ విషయం మీద అక్కడొక మాట ఇక్కడొక మాట నడుస్తోంది కాబట్టి విడిగా చర్చ మొదలుపెడుతున్నా. "ఇంకా నేను సిద్ధంగా లేను" అనే భయం పోయాక పని మొదలుపెడదాం అనుకునేవాళ్ళు ఎప్పటికీ మొదలుపెట్టరు. ఆ భయం పోయేదే పని చేస్తే. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో ఈ సంగతి మీద రాశాడు. "ఈ పని నేను చేయగలను" అనే నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందో నాలుగు మూలాలు చెప్పాడు: స్వయంగా చేసి సాధించడం, మనలాంటివాళ్ళు చేస్తుంటే చూడడం, ఎదుటివాళ్ళు ధైర్యం చెప్పడం, గుండెదడ లాంటివాటిని మనం ఎలా అర్థం చేసుకుంటామన్నది. వీటిలో బాగా బలమైనది మొదటిదే. అంటే నమ్మకం ముందు, పని తర్వాత అని మనం అనుకునే వరస తలకిందులు.

డార్విన్‌నే చూడండి. ప్రకృతివరణం, అంటే బతకడానికి పనికొచ్చే లక్షణాలున్న జీవులే ఎక్కువగా నిలిచి జాతులు మారుతూ వస్తాయన్న ఆలోచన, 1838లోనే తట్టింది. 1844 నాటికి రెండు వందల పైచిలుకు పేజీలు రాసి పక్కన పెట్టేశాడు. 1858లో వాలెస్ అనే ఇంకో ప్రకృతి శాస్త్రవేత్త నుంచి అదే ఆలోచనతో ఉత్తరం వచ్చేదాకా కదల్లేదు. ఆ ఉత్తరం రాకపోతే ఇంకెన్నేళ్ళు కూర్చునేవాడో! తర్వాత ఏడాదిన్నరలోపే పుస్తకం బయటికి వచ్చింది కదా. ఆ సత్తా ముందు నుంచీ ఆయనలో ఉన్నదే.

మనలో ఏముందో కూర్చుని ఆలోచిస్తే తెలియదు. చేసి చూస్తేనే తెలుస్తుంది. కాదంటారా?

మెల్లగా_వస్తా
నిదానమే ప్రధానం.

చలాకీ
ఆలస్యం అమృతం విషం. సరిపోయిందా? 😄

సగం_నవల
వేకువ గారూ, మీరు నా గురించే రాసినట్టుంది. కథలు రాస్తాను, పత్రికకి పంపను. ఇంకొక్కసారి దిద్దుదాం, ఇంకొంచెం చదివాక పంపుదాం అనుకుంటూనే ఉంటాను. దిద్దినకొద్దీ మొదట్లో ఉన్న ఊపు పోయి కథ చప్పబడుతోంది కూడా. ఇప్పుడు పంపేదా, వద్దా?

నైట్‌డ్యూటీ
సగం_నవల, ఇవ్వాళే పంపండి. మీ కథ బాగోకపోతే ఎవరి ప్రాణమూ పోదు.

వేకువ గారికి మాత్రం ఒక ప్రశ్న. మీరు చెప్పింది అన్ని పనులకీనా?

పాతకాపు
డార్విన్ సంగతి తప్పు. ఆయన "కూర్చోలేదు". 1846 నుంచి 1854 దాకా బార్నకిల్స్ అనే సముద్రజీవుల మీద పని చేశాడు. జీవజాతుల్ని వర్గీకరించడమంటే ఏమిటో, ఒకే జాతిలో ఎన్ని తేడాలుంటాయో ఆయనకి ఒంటబట్టింది అక్కడే. అప్పటిదాకా ఆయన పేరు ఎక్కువగా భూగర్భశాస్త్రంలోనే. 1844లోనే అచ్చేసి ఉంటే "ఇతనికి జీవజాతుల గురించి ఏం తెలుసు" అనేవాళ్ళు. అదే ఏడాది పరిణామం మీద పేరు లేకుండా వచ్చిన ఒక పుస్తకాన్ని శాస్త్రవేత్తలు ఎలా ఉతికి ఆరేశారో చూసుకోండి. ఆయన చేసింది తయారీ. భయపడి వాయిదా వేశాడన్నదాన్ని ఒప్పుకోని చరిత్రకారులు ఉన్నారు.

వేకువ
పాతకాపు గారూ, ఎనిమిదేళ్ళు బార్నకిల్సా? మొదట ఒక్క రకం గురించి చిన్న వ్యాసం రాద్దామనుకుని దిగి, చివరికి ఎనిమిదేళ్ళు తీసుకున్నాడు. తయారీ పేరుతో వాయిదా వేయడం అంటే ఇదే కదా. మనమూ ఇంకో కోర్సు చేద్దాం, ఇంకో సర్టిఫికెట్ తెచ్చుకుందాం అంటాం. అది చదువులాగే కనిపిస్తుంది, అందుకే ఎవరూ తప్పుపట్టరు.

పాతకాపు
ఆ పనిని కూడా చూసే ఆయనకి 1853లో రాయల్ సొసైటీ పతకం ఇచ్చింది. వాయిదా వేసినందుకు పతకాలివ్వరు.

వేకువ
పతకం వస్తే వాయిదా కాకుండా పోతుందా?

పాతకాపు
ఏడాదిన్నరలోపే పుస్తకం వచ్చిందని మీరే రాశారు. ఎలా వచ్చింది? అప్పటికి ఇరవై ఏళ్ళ నోట్సు ఉంది. 1856 నుంచే పెద్ద పుస్తకం రాస్తున్నాడు కూడా. వాలెస్ ఉత్తరం వచ్చేనాటికి అందులో చాలా భాగం అయిపోయింది. "ఉత్తరం వచ్చేదాకా కదల్లేదు" అన్నది పచ్చి అబద్ధం. ముందు అది సరిచేయండి, తర్వాత మాట్లాడుకుందాం.

చలాకీ
ఇది డార్విన్ చర్చా? నేను దారి తప్పి వేరే గదిలోకి వచ్చానా?

మెల్లగా_వస్తా
టైటాన్ జలాంతర్గామి. 2023. సిద్ధం కాకముందే దిగారు. ఐదుగురు పోయారు.

వేకువ
అది నా వాదనకి ఎదురు కాదండీ. వాళ్ళకి "మేం సిద్ధంగా లేం" అని అనిపించలేదు, అదే కదా సమస్య! భద్రతా ధ్రువీకరణ చేయించుకోవడం లేదని ఆ రంగం నిపుణులు 2018లోనే హెచ్చరిస్తూ లేఖ రాశారు. అయినా వినలేదు. నేను మాట్లాడుతున్నది చేతనైనా భయంతో ఆగిపోయేవాళ్ళ గురించి.

మెల్లగా_వస్తా
ఎవరు ఏ రకమో ముందే ఎలా తెలుస్తుంది?

చలాకీ
నీళ్ళలో దిగితేగాని లోతు తెలియదు.

మెల్లగా_వస్తా
మునిగినవాళ్ళు వచ్చి ఇక్కడ రాయరు మరి.

నైట్‌డ్యూటీ
నా ప్రశ్నకి జవాబు రాలేదు కాబట్టి నేనే చెప్తాను.

నేను నర్సుని. చదువు అయిపోయి కొత్తగా చేరిన రోజుల్లో, వార్డులో మనిషి తక్కువైందని నన్ను రాత్రి ఒంటరిగా వేశారు. ఇంకా ఎవరో ఒకరి పక్కన ఉండి నేర్చుకోవలసిన సమయం అది. "నాకు భయంగా ఉంది మేడమ్, ఇంకా అన్నీ రావు" అన్నాను. "చేస్తేనే వస్తుంది, నీలో సత్తా ఉంది, అది నీకే తెలియదు" అన్నారు. వేకువ గారి మొదటి పోస్టులో ఉన్నది అచ్చం అదే మాట.

అర్ధరాత్రి దాటాక మందు ఎక్కించే పంపు అలారం మోగింది. ఆ రకం పంపు నేను అంతకుముందు వాడలేదు. పైవాళ్ళకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. చివరికి పక్క వార్డు నుంచి ఒకావిడ పరుగెత్తుకొచ్చి సరిచేసింది. పేషంట్‌కి ఏమీ కాలేదు. పొద్దున మెమో మాత్రం నా పేరు మీద వచ్చింది. నాలో సత్తా ఉందన్న మేడమ్ ఆ మెమో కింద సంతకం పెట్టారు.

అప్పటి నుంచి "సిద్ధం కాకపోయినా దిగిపో" అని ఎవరన్నా అంటే నేను అడిగేది ఒక్కటే. ఆ మాట అంటున్నదెవరు?

వేకువ
బాధాకరమే. కానీ ఒకటి చెప్పండి, ఆ రాత్రి తర్వాత ఆ పంపు వాడడం మీకు వచ్చిందా లేదా? ఇప్పుడు మీరు సీనియర్. ఆ రాత్రి లేకపోతే ఇంత త్వరగా అయ్యేవారా?

నైట్‌డ్యూటీ
ఆ పంపు నేను నేర్చుకున్నది ఆ రాత్రి కాదు. తర్వాత ఆ పక్క వార్డు ఆవిడ తీరిగ్గా కూర్చోబెట్టి నేర్పింది. ఆ రాత్రి నాకు వచ్చింది చేతులు వణకడం ఒక్కటే. చాలాకాలం ఏ అలారం విన్నా వణికేవి. మీరు చదివిన బండూరాని పూర్తిగా చదవండి సార్. నమ్మకం గట్టిపడకముందే దెబ్బ తగిలితే ఉన్న నమ్మకం కూడా పోతుందని ఆయనే రాశాడు. సగం ఎత్తి చూపించి మాకు పాఠాలు చెప్పకండి.

వేకువ
నేనెవరికీ పాఠాలు చెప్పట్లేదు. ప్రతి మాటనీ మీ మేడమ్ చెప్పిన మాటలా వింటే నేనేం చేయను?

చలాకీ
పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

అడ్మిన్
వ్యక్తిగతంగా వెళ్ళొద్దు. చలాకీ, మీకూ వర్తిస్తుంది.

వేకువ
సరే, నా కథ కూడా వినండి. నాకు పాప్‌కార్న్ వినోదం కాదిది.

నేను పాత ఆఫీసులో పని చేసినన్నాళ్ళూ మా సీనియర్ ఒకాయన నాతో అన్న మాట ఒక్కటే: "నీకింకా టైముంది." ప్రాజెక్టు నడుపుతానంటే టైముంది. క్లయింట్‌తో నేనే మాట్లాడతానంటే టైముంది. ఆయన చెడ్డవాడు కాదు, ప్రేమగానే అనేవాడు. నేనూ నమ్మాను. ఆయన ముఖంలో ఒకరోజు "ఇక చాలు, సిద్ధమయ్యావు" అని కనిపిస్తుందని చూస్తూ ఉన్నాను. ఈలోగా నా తర్వాత చేరినతను ఎవర్నీ అడక్కుండా ఒక మీటింగ్‌లో లేచి మాట్లాడాడు. తడబడ్డాడు, రెండు లెక్కలు తప్పు చెప్పాడు. ఆ పని అతనికే ఇచ్చారు. నాకు తెలిసిన దాంట్లో సగం కూడా అతనికి తెలియదు.

మీకు సిద్ధం కాకముందు తోసేశారు. నాకు సిద్ధమయ్యాక కూడా ఆపేశారు. నా కోపం అర్థం చేసుకోవడానికి మీరు ప్రయత్నించారా?

సగం_నవల
నా కథల్ని ఆపేవాళ్ళు ఎవరూ లేరు. నేనే ఆపుకుంటున్నాను. అది ఇంకా దరిద్రం కదా.

చదువరి
ఇంతసేపు ఊరికే చదువుతూ ఉన్నాను. బండూరా పేరు వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలనిపించింది. ఆయన, ఇంకో ఇద్దరు కలిసి 1969లో పాములంటే విపరీతంగా భయపడేవాళ్ళతో ఒక ప్రయోగం చేశారు. విషం లేని పామే. కొందరికి సినిమా చూపించారు, కొందరిని ప్రశాంతంగా ఉంచి పామును ఊహించుకోమన్నారు. అన్నిటికంటే బాగా పనిచేసిన పద్ధతి వేరు: ముందు శిక్షకుడు తాను పామును పట్టుకుని చూపించాడు. తర్వాత వాళ్ళు గ్లవుజులు వేసుకుని ముట్టుకున్నారు, ఆపైన ఒట్టి చేత్తో. అతను తల పట్టుకుంటే వీళ్ళు నడుం ముట్టుకున్నారు. ధైర్యం వచ్చినకొద్దీ అతను తప్పుకున్నాడు.

ఎవర్నీ భయం పోయేదాకా కూర్చోబెట్టలేదు. ఎవర్నీ పాముతో గదిలో పెట్టి తలుపూ వేయలేదు. విమానం నేర్పేటప్పుడూ అంతే. మొదటిసారి ఒంటరిగా ఎప్పుడు ఎగరాలో విద్యార్థి గుండెని బట్టి నిర్ణయించరు. శిక్షకుడు పక్కన కూర్చుని దించడం, ఎక్కించడం అన్నీ చూశాక, ఒకరోజు తాను దిగిపోయి "వెళ్ళిరా" అంటాడు. విద్యార్థికి ఆ క్షణంలో ఇంకా రాలేదనే అనిపించవచ్చు.

పాతకాపు
మంచి పోస్టు. డార్విన్ విషయం మాత్రం ఇంకా సరిచేయలేదు.

వేకువ
చదువరి గారూ, బాగుంది. కానీ శిక్షకుడు లేనివాళ్ళ మాటేమిటి? లోకంలో ఎక్కువమందికి పక్కన కూర్చునేవాడు ఉండడు. వాళ్ళని ఆగిపొమ్మంటారా?

నైట్‌డ్యూటీ
ఆగమనడం లేదు. తమ కోసం తాము దిగేవాళ్ళని నేనేమీ అనను, సగం_నవలకి మొదటే చెప్పాను. పక్కన ఉండాల్సినవాళ్ళు ఉండకుండా "దిగు" అనడం గురించి నా గొడవ. తప్పు జరిగితే ఎవరి మీద పడుతుందో వాళ్ళకి ఆ నిర్ణయంలో మాట ఉండాలి.

ఒకటి అడుగుతాను, కోప్పడకండి. ఇప్పుడు మీ కింద పనిచేసేవాళ్ళు ఉన్నారా?

వేకువ
ఉన్నారు.

నైట్‌డ్యూటీ
వాళ్ళలో ఎవరికైనా "సిద్ధం కాకముందే" పెద్ద పని ఇచ్చారా?

వేకువ
ఒకబ్బాయి ఉన్నాడు. తెలివైనవాడే. క్లయింట్ మీటింగ్ నడుపుతానని రెండు మూడుసార్లు అడిగాడు. ఇంకా ఇవ్వలేదు. కొంచెం కంగారు మనిషి. అక్కడ తేడా వస్తే పోయేది నా పేరు, మొత్తం టీమ్ పేరు. నర్సు వార్డులో ఎలా జాగ్రత్త అవసరమో ఇక్కడా అంతే. రిస్క్ నాది కాబట్టి నిర్ణయం నాది.

చలాకీ
అడ్మిన్ గారూ, ఇప్పుడు పాప్‌కార్న్ తెచ్చుకోవచ్చా?

మెల్లగా_వస్తా
"నీకింకా టైముంది" అన్నారా అతనితో?

వేకువ
ఆ మాట అనలేదు. చూద్దాంలే అన్నాను. మా సీనియర్‌కీ నాకూ పోలిక పెట్టకండి. ఆయన ఏళ్ళ తరబడి ఆపాడు. నేను ఈ ఒక్క క్లయింట్ వరకే ఆగమంటున్నాను.

సగం_నవల
మరి ఆ చిన్న తమ్ముడు మీ మొదటి పోస్టు చదివితే ఏమనుకుంటాడు?

వేకువ
చదివితే మంచిదే. అడక్కుండా లేచి మాట్లాడేవాడే నిలబడతాడని అతనికీ తెలుస్తుంది.

చదువరి
అడక్కుండా లేస్తే మీరు ఊరుకుంటారా?

వేకువ
అది సందర్భాన్ని బట్టి.

నైట్‌డ్యూటీ
ఏం చూపిస్తే మీటింగ్ ఇస్తారో అతనికి చెప్పారా? ఇదీ ఇదీ వస్తే నీదే, మొదటిసారి పక్కన నేను కూర్చుంటాను అని? ఆ విమానం శిక్షకుడికైనా ఏమేం చూడాలో ఒక లెక్క ఉంటుంది.

వేకువ
కావాలంటే అతనే అడుగుతాడు. అడిగితే చెప్తాను.

నైట్‌డ్యూటీ
మీరు మీ సీనియర్‌ని అడిగారా?