విల్లీ మేస్ తొలి మ్యాచ్ గురించి ఆయన గొంతులోనే వినాలంటే?

మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాళ్లు తమ మొదటి మ్యాచ్‌ను గుర్తుచేసుకున్న మాటలతో తెలుగులో ఒక ఆడియో కార్యక్రమం చేస్తున్నాను. విల్లీ మేస్ దగ్గర ఆగిపోయాను.

1951 మే 25న, ఇరవై ఏళ్ల వయసులో, న్యూయార్క్ జెయింట్స్ తరఫున ఫిలడెల్ఫియా షైబ్ పార్క్‌లో దిగారు. జట్టు 8-5తో గెలిచింది. ఆయనకు మాత్రం ఐదు అవకాశాల్లో ఒక్క హిట్ కూడా రాలేదు. అంత గొప్ప బ్యాటర్‌కు ఆ సాయంత్రం ఎలా అనిపించిందో, అదే నాకు కావాలి.

ఆ మ్యాచ్ బాక్స్ స్కోర్ (గణాంకాల పట్టిక) దొరికింది. యూట్యూబ్‌లో పేరు, తేదీ, మైదానం కలిపి వెతికాను, పాత ఇంటర్వ్యూలు విన్నాను. నాకు దొరికినవన్నీ మే 28న వారెన్ స్పాన్ బౌలింగ్‌లో కొట్టిన తొలి హోమ్ రన్ గురించే.

మే 25 మ్యాచ్ గురించి మేస్ స్వయంగా మాట్లాడిన రికార్డింగ్ ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?