హార్డ్‌వేర్ సింథ్‌లు ఉంటేనే మినిమల్ టెక్నోనా? ల్యాప్‌టాప్ పనికిరాదా?

పాలమూరు_సింథ్:
ఈ మధ్య మినిమల్ టెక్నోలో (తక్కువ శబ్దాలతో ఒకే దరువు తిరిగి తిరిగి వచ్చే ఎలక్ట్రానిక్ సంగీతం) బేసిక్ ఛానల్ అనే జంట పాటలు తప్ప ఇంకేదీ వినట్లేదు. మోరిట్జ్ ఫాన్ ఓస్వాల్డ్, మార్క్ ఎర్నెస్టస్ అని ఇద్దరు 1993లో బెర్లిన్‌లో మొదలుపెట్టారు. ఒక్క కార్డ్ (కలిపి మోగించే స్వరాలు), దాని మీద డిలే (ప్రతిధ్వని), కింద కిక్ డ్రమ్, అంతే, పది నిమిషాలు అదే. శబ్దం పదును మార్చే ఫిల్టర్ నాబ్ కొంచెం కొంచెంగా తిరుగుతుంటే ఆ కార్డే వేరేదైపోతుంది. ఇది సింథ్ లాంటి, చేత్తో తిప్పి శబ్దం పుట్టించే మెషీన్ మీదే వస్తుందని నా వాదన. మౌస్‌తో గీత గీసి చేసేది నాకైతే సంగీతమే కాదు.

మిర్యాలగూడ_డీజే:
అన్నా, కళ్ళు మూసుకుని విని ఏది దేనితో చేశారో చెప్పగలవా? మీరంతా మొక్కే డ్రమ్ మెషీన్ రోలాండ్ టీఆర్-909 (1983) సంగతే చూడు. కిక్, స్నేర్ అనలాగ్, అంటే సర్క్యూట్‌లోనే పుట్టే శబ్దం. హై-హ్యాట్, సింబల్స్ మాత్రం డిజిటల్ శాంపిల్స్ (ముందే రికార్డు చేసి చిప్‌లో పెట్టినవి), అదీ 6 బిట్. అంటే సగం మెషీన్ నీ లెక్కలో సంగీతం కాదు.

పాలమూరు_సింథ్:
సగం కాదు. పైగా నేను అనలాగ్ అనలేదు, హార్డ్‌వేర్ అన్నాను. సరిగ్గా చదువు.

మిర్యాలగూడ_డీజే:
సగమో పావో, డిజిటల్ ఉందా లేదా?

సూర్యాపేట_చాయ్:
హై-హ్యాట్ మీద పంచాయితీ ఇక్కడే చూస్తున్నా 😂

పాలమూరు_సింథ్:
నవ్వుకోండి. పోయినేడు మా వాళ్ళ రిసెప్షన్‌కి గ్రూవ్‌బాక్స్ (దరువులు అల్లే మెషీన్), చిన్న సింథ్ మోసుకెళ్ళాను. పావుగంట కూడా కాలేదు, లూప్ అప్పుడప్పుడే కుదురుకుంటోంది, ఆపరేటర్ వచ్చి చెప్పాపెట్టకుండా నా కేబుల్ పీకేసి ల్యాప్‌టాప్‌లో మాస్ పాట పెట్టాడు. మా మేనమామ కూడా వాడికే చప్పట్లు.

మిర్యాలగూడ_డీజే:
అయితే నీ కోపం వాడి మీద, ల్యాప్‌టాప్ మీద కాదు. నేనున్నా పీకేవాడినే. జనం లేచి వెళ్ళిపోతే బాలెన్స్ పైసలు నువ్విస్తావా? రోలాండ్ వాళ్ళ టీబీ-303 అనే బేస్ సింథ్‌ని గిటార్ వాయించేవాళ్ళకు బేస్ తోడుగా ఉంటుందని చేశారు, అమ్ముడుపోక 1984లో ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా పడి ఉంటే షికాగో కుర్రాళ్ళు తెచ్చుకుని యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం చేశారు. వాళ్ళకు చవగ్గా దొరికింది అది, మాకు దొరికింది పాత ల్యాప్‌టాప్. ఇప్పుడు అదే డబ్బాకు లక్షలు పోసినోడికే సంగీతం వస్తుందంటావా?

పాలమూరు_సింథ్:
లక్షలెక్కడివి, కిస్తీల మీద కొన్నాను. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ 1982లోనే ఆ 303, 808 డ్రమ్ మెషీన్, జూపిటర్-8 సింథ్ పెట్టుకుని పది రాగాలను డిస్కో బీట్ మీద వాయించి రికార్డు వేశాడు. ఇక్కడ ఎవడూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలై విదేశాల్లో మెచ్చుకుంటే మనకు తెలిసింది. ఒకే దరువు పది నిమిషాలు వినే ఓపిక మన జిల్లాల్లో ఎవరికీ లేదు, అదీ నా బాధ.

చిర్ర_సిటికెన:
ఎవరికీ లేదా? దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు ఎప్పుడైనా వచ్చావా తమ్ముడూ? డప్పు సెగకు కాచుకుని మా నాయన ఒకటే దరువు రాత్రంతా కొట్టేవాడు. చిర్ర (పొట్టి లావు పుల్ల) దెబ్బ మారదు, సన్నటి సిటికెన పుల్ల మాత్రం కొంచెం కొంచెంగా జరుగుతుంటుంది, అప్పుడు చూడాలి జనాన్ని. బెర్లిన్‌లో ఇద్దరు చేస్తే ఇంత పొడుగు రాస్తావు. మా వాళ్ళను మాత్రం పెళ్ళి గేటు బయటే నిలబెట్టి, అన్నం అందరూ తిన్నాక పెడతారు. సంగీతం ఏదో తేల్చడానికి మీరిద్దరే కూర్చున్నారు, మమ్మల్ని అడిగినవాడు లేడు.

మిర్యాలగూడ_డీజే:
నన్నెందుకు కలుపుతున్నావు కాకా, పిలిచేది పెళ్ళివాళ్ళు.

చిర్ర_సిటికెన:
బరాత్‌కు డప్పులెందుకు, మా బాక్సులు చాలని వాళ్ళకు చెప్పేదెవరు?

పాలమూరు_సింథ్:
డప్పును నేనేమీ అనలేదు కదా అన్నా. అది జాతర, ఆచారం. నేను మాట్లాడేది ఆల్బమ్‌ల గురించి, కూర్చుని వినే సంగీతం గురించి. రెండూ వేరు.

చిర్ర_సిటికెన:
ఎందుకు వేరు?

మిర్యాలగూడ_డీజే:
చెప్పన్నా, నేనూ అదే అడుగుతున్నా.

పాలమూరు_సింథ్:
డ్యూటీకి టైమైంది. రాత్రికి రాస్తా.