అంజన్ గడ్డిలో సంకరానికి పనికొచ్చే తల్లి మొక్కను గుర్తించడం ఎలా?

గుంటూరు జిల్లా ఫిరంగిపురం దగ్గర మెట్టలో, గేదెల మేత కోసం రెండేళ్లుగా అంజన్ గడ్డి పెంచుతున్నాను. ఈ గడ్డిలో చాలావరకు స్త్రీబీజం ఫలదీకరణ చెందకుండానే పిండం ఏర్పడుతుంది కనుక, ఎండకు తట్టుకున్న ఒక దుబ్బు గింజలు చల్లితే మొలిచినవన్నీ తల్లికి అచ్చుగుద్దినట్లే ఉంటున్నాయి. విత్తనం నిలకడకు ఇది వరమే గానీ, రెండు దుబ్బుల మంచి గుణాలను ఒక్కచోటికి తేవాలనుకునేవాడికి ఇదే అడ్డుగోడ. బ్రాకియేరియా అనే మరో మేత గడ్డిలో ఈ చిక్కును, లైంగికంగా ఫలించే రుజిజియెన్సిస్ జాతి క్రోమోజోములను కాల్చిసిన్ అనే రసాయనంతో రెట్టింపు చేసి, ఆ మొక్కలకు ఇతర జాతుల పుప్పొడిని అద్ది దాటారని, ములాటో రకాలు అలా వచ్చినవేనని చదివాను. అంజన్‌లోనూ లైంగికంగా ఫలించే మొక్కలు అరుదుగా దొరుకుతాయట.

ఈసారి నా మడిలో మూడు మొక్కలు తేడాగా కనిపించాయి (పక్క చేలోంచి వచ్చిన గింజలు కావని ప్రమాణం చేయలేను). ఒక్కోదాని గింజలను విడివిడిగా మొలిపించి సంతానంలో వైవిధ్యం ఉందేమో, అంటే ఆ మొక్క లైంగికంగా ఫలించేదేమో చూడాలనుకుంటున్నాను. ఎన్ని మొక్కలు పెంచితే నమ్మకంగా చెప్పవచ్చు? పిండకోశాన్ని (అండంలో స్త్రీబీజం ఉండే సంచిని) సూక్ష్మదర్శినిలో చూసి, అది ఎనిమిది కేంద్రకాలు ఏర్పడే లైంగిక కోశమో, ప్రతిపాదకణాలు (స్త్రీబీజానికి ఎదురు కొసన ఉండే కణాలు) లేని, ఫలదీకరణ లేకుండా పిండాన్నిచ్చే నాలుగు కేంద్రకాల కోశమో తేల్చాలంటే, కంకిని ఏ దశలో కోయాలి? గుంటూరులోనో విజయవాడలోనో ఈ పరీక్ష చేసి చూపగలవారు ఉంటే దయచేసి తెలియజేయండి.