కోలారు నుంచి సీమ పందులు తేవాలి, డాక్టరు సర్టిఫికెట్ ఒక్కటి చాలా?

పలమనేరు రైతు:
అందరికీ నమస్కారం. పలమనేరు దగ్గర కొత్తగా షెడ్డు కట్టాను. కోలారు జిల్లాలో ఒకాయన దగ్గర యార్క్‌షైర్ ఆడపందులు పది, మగది ఒకటి బేరం కుదిరింది. కర్ణాటక నుంచి మన రాష్ట్రంలోకి తేవాలంటే ఏ కాగితాలు కావాలి? బండి డ్రైవరేమో "రాత్రిపూట దాటించేస్తా, ఏమీ అక్కర్లేదు" అంటున్నాడు.

మదనపల్లె ఫార్మ్:
అన్నా, డ్రైవరు మాట వినొద్దు. లోడు ఎక్కించే ముందు అక్కడి ప్రభుత్వ పశువైద్యుడితో హెల్త్ సర్టిఫికెట్ రాయించుకో. ఎన్ని పందులు, చెవి ట్యాగులుంటే వాటి నంబర్లు, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయి, స్వైన్ ఫీవర్ (పందులకొచ్చే అంటుజ్వరం) టీకా ఎప్పుడు వేశారు, అన్నీ రాయించు.

రిటైర్డ్ పశువైద్యుడు:
బాబూ, 1978 నాటి జంతు రవాణా నిబంధనల ప్రకారం పందుల లోడు వెంట సర్టిఫికెట్ ఉండి తీరాలి. కానీ దాంతోనే పని అయిపోదు. అడ్వాన్సు ఇచ్చే ముందే మన జిల్లా పశుసంవర్ధక శాఖ ఆఫీసుకెళ్ళి, ఆ ఊరి చుట్టుపక్కల ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ (పందుల్ని చంపేసే ఇంకో వైరస్ జబ్బు) ఉందా, రెండు రాష్ట్రాల్లో నిషేధ ఉత్తర్వులేమైనా ఉన్నాయా కనుక్కో. జబ్బు తేలిన చోటు చుట్టూ కిలోమీటరు లోపలి పందులన్నిటినీ చంపి పూడ్చేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. అక్కడి నుంచి పందిని కదిలించకూడదు. 2022 జులైలో కేరళ బయటి రాష్ట్రాల పందుల్ని ఆపేసింది. అదే నెలలో వయనాడ్‌లో జబ్బు బయటపడింది.

టీకా విషయంలో చాలామంది పొరబడుతున్నారు. మనం వేయించేది మామూలు స్వైన్ ఫీవర్ టీకా. ఆఫ్రికన్ రకాన్ని అది ఆపదు. దానికి మన దేశంలో టీకా లేదు, మందూ లేదు. మనుషులకు అంటదు గానీ దొడ్డిని ఊడ్చిపెట్టేస్తుంది.

ఇంకో సంగతి. సర్టిఫికెట్ చెప్పేది డాక్టరు చూసిన రోజు సంగతే. వైరస్ ఒంట్లోకి చేరాక 4 నుంచి 19 రోజుల దాకా పంది చక్కగా మేస్తూనే ఉండొచ్చు. అందుకే తెచ్చినవాటిని నెల రోజులు వేరే షెడ్డులో ఉంచు. వాటి తొట్లు, పారలు, చెప్పులు వేరు. వాటిని చూసుకునే మనిషి అటునుంచి నేరుగా పాత పందుల దగ్గరికి పోకూడదు. బండిని ఎక్కించే ముందూ దించాకా కడిగించి మందు కొట్టించు. రాత్రి దొంగచాటుగా దాటించే బండిని ఎవరు కడుగుతారు? అంతకుముందు అందులో ఎవరి పందులు ఎక్కాయో ఎవరికి తెలుసు?

పలమనేరు రైతు:
చాలా థ్యాంక్స్ సార్. నాకు పాత పందులు లేవు, ఇవే మొదటివి. అయినా వేరే షెడ్డు కావాలా? మేతకు హోటల్ ఎంగిలి మాట్లాడుకున్నా, పరవాలేదా?

రిటైర్డ్ పశువైద్యుడు:
ఇవే మొదటివైతే ఆ షెడ్డులోనే ఉంచు. ఆ నెలలో ఇంకో లోడు దించకు, ఒక్కటీ అమ్మకు, బయటివాళ్ళను లోపలికి రానివ్వకు. ఎంగిలిలో పచ్చి పంది మాంసం ముక్కలు వచ్చాయంటే జబ్బు అటునుంచే వస్తుంది. మాంసంలో ఈ వైరస్ నెలల తరబడి బతుకుతుంది. అరగంటకు తగ్గకుండా కలియబెడుతూ ఉడకబెట్టి చల్లార్చి పెట్టు. అంత ఓపిక లేకపోతే తవుడు, మొక్కజొన్న మేపు.

జ్వరంతో మేత మానేసినా, చెవులూ పొట్టా ఎర్రబారినా ఆ రోజే దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలలో చెప్పు. పశువుల అంటువ్యాధుల నివారణకు తెచ్చిన 2009 చట్టం ప్రకారం జబ్బు సంగతి చెప్పడం యజమాని బాధ్యత. పరిహారం కూడా ప్రభుత్వం చంపించిన పందులకే వస్తుంది, అంతకుముందే చచ్చినవాటికి రాదు.

మదనపల్లె ఫార్మ్:
సార్ చెప్పింది నిజం. మా పక్క ఊళ్ళో ఒకతను జబ్బు చేసిన పందుల్ని దాచి సగం ధరకు అమ్మేశాడు. కొన్నవాళ్ళ దొడ్లు కూడా ఖాళీ అయ్యాయి.