సురవరం ప్రతాపరెడ్డి గారు ఎన్నికల్లో ఎందుకు నిలబడ్డట్టు?

గద్వాల కుర్రాడు:
గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. సురవరం గారి గురించి ఏ గైడు తీసినా ఒకటే వరుస. ఆయన నడిపిన గోలకొండ పత్రిక, గోలకొండ కవుల సంచిక, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పుస్తకం, చివర్లో 1952లో వనపర్తి ఎమ్మెల్యే. ఆ చివరి ముక్కే నాకు అతకడం లేదు. 55 ఏళ్ల వయసులో, అంత రాయగల మనిషికి అసెంబ్లీ ఎందుకు? 1953 ఆగస్టులో పోనే పోయారు. రాసుకుంటూ కూర్చుంటే ఇంకో పుస్తకం వచ్చేది కదా?

వనపర్తి మాస్టారు:
బాబూ, ఆయన రాజకీయాల్లోకి 1952లో వచ్చారని ఎవరు చెప్పారు నీకు? 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకి, అంటే నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సభకి, అధ్యక్షుడు ఆయనే. సభ అంటే ఇప్పటిలాగా టెంటు వేసి మైకు పెట్టడం కాదు. గస్తీ నిషాన్ 53 అని నిజాం సర్కారు ఉత్తర్వు ఒకటుండేది. పర్మిషన్ లేకుండా మీటింగు పెట్టడానికి లేదు.

ఇక పత్రిక. 1926లో మొదలైంది, వారానికి రెండుసార్లు వచ్చేది. సంపాదకీయం రాసేదీ ఆయనే, ప్రూఫులు దిద్దేదీ ఆయనే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని, అంటే సున్నా అని, ఒకాయన రాసేసరికి ఈయనకి ఒళ్లు మండింది. ఇంకొకరైతే ఘాటుగా నాలుగు ముక్కలు రాసి ఊరుకునేవారు. ఈయన ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో సంచిక అచ్చేయించారు. సాహిత్యమే, కాదనను. కానీ నా లెక్కలో అది మొదటి ఓటర్ల జాబితా కూడా.

పాత పుస్తకాల పిచ్చి:
మాస్టారూ, అంతా ఒప్పుకుంటాను గానీ నేను కుర్రాడి పక్షమే. సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది. రాజులు, యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు అని హంసవింశతి, శుకసప్తతి లాంటి కావ్యాల్లోంచి ఏరి పెట్టారు. శృంగారం కోసమో, పద్యం సొగసు కోసమో చదివే కావ్యాలవి! ఆ చూపున్న మనిషిని నియోజకవర్గం పనుల్లో తిప్పడం దుబారా కాదా? పోనీ మంత్రినైనా చేశారా? అప్పటి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల మంత్రివర్గంలో ఆయనకి చోటు లేదు. 1955లో తెలుగుకి మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు ఆ పుస్తకానికే వచ్చింది, అందుకోవడానికి మనిషి లేరు. నా కడుపుమంట అక్కడ.

వనపర్తి మాస్టారు:
కడుపుమంట నాకూ ఉందమ్మా. మంత్రి పదవి సంగతి మా ఊళ్లో పెద్దవాళ్లు కూడా పళ్లు కొరుక్కుంటూ చెప్పేవాళ్లు. కానీ ఒకటి చూడండి. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. మా నాన్న అప్పటి కాంగ్రెస్ గుర్తు జోడెద్దుల బొమ్మ ఉన్న పెట్టె వెతుక్కుని చీటీ వేశాననీ, వేసే ముందు పెట్టెకి దండం పెట్టాననీ చెప్పేవారు. హైదరాబాద్ రాష్ట్రంలో వయసొచ్చిన ప్రతివాళ్లూ ఓటేసిన మొదటి ఎన్నిక అది. పాతికేళ్లు జనం తరఫున సర్కారుతో తగువు పడిన మనిషి, తీరా జనం చేతికి ఓటొచ్చిన రోజున ఇంట్లో కూర్చుంటారా?

గద్వాల కుర్రాడు:
సార్, ఇది ఏ గైడులోనూ లేదు. ముందు ఏది చదవమంటారు?

వనపర్తి మాస్టారు:
సాంఘిక చరిత్రే. జిల్లా గ్రంథాలయంలో అడుగు. పీఠిక మాత్రం వదిలెయ్యకు. పరీక్షలయ్యాక ఆయన కథలు పట్టుకో, నిజాం కాలపు నౌకర్ల దర్జా మీద పడీ పడీ నవ్వుతావు.