పోస్టర్‌లో ఎడమ పక్క ఎవరుండాలి? చదివే దిక్కు మన ఆలోచనని కూడా తిప్పుతుందా?

జగదాంబ డిజైనర్:
ఫ్లెక్సీలు, పోస్టర్లు డిజైన్ చేస్తుంటాను. ఈమధ్య ఒక మహిళా సంఘానికి పోస్టర్ చేశాను. సంఘం అప్పు తీరుస్తూ ఇచ్చే చెక్కుని ఆఫీసరు, సంఘం లీడరు చెరో అంచు పట్టుకున్న బొమ్మ. అలవాటుగా ఆయన్ని ఎడమ పక్క, ఆవిడని కుడి పక్క పెట్టాను. ఆవిడ చూసి, "మేం అప్పు తీర్చినా ఆయనే ఇచ్చినట్టుంటాది బాబూ" అంది. ఇద్దరినీ అటూ ఇటూ మారిస్తే నిజంగానే ఆవిడ ఇస్తున్నట్టు కనిపించింది. (ఊరికే ఫ్లిప్ కొట్టేస్తే పైట కుడి భుజం మీదకి పోతుంది, వాచీ చెయ్యి మారిపోతుంది. విడివిడిగా కట్ చేసి అతికించాల్సిందే.)

దీని మీద పరిశోధనలే ఉన్నాయి. ఇటలీలోని పదోవా యూనివర్సిటీకి చెందిన ఆన్ మాస్ బృందం 2003లో ఒక పని చేసింది. ఫలానావాడు ఫలానావాడిని నెట్టాడు లాంటి వాక్యాలిచ్చి బొమ్మ గీయమంటే, ఇటలీవాళ్లు నెట్టేవాడిని ఎడమ పక్క గీశారు. కుడి నుంచి ఎడమకి రాసే అరబిక్ చదివేవాళ్లలో ఇది తిరగబడింది. పైగా ఎడమ నుంచి కుడికి రాసే భాషలతో పరిచయం పెరిగిన అరబ్బుల్లో ఆ మొగ్గు తగ్గింది. అంటే ఇది పుట్టుకతో రాలేదు, చదువుతో వచ్చింది. మనమూ ఎడమ నుంచే చదువుతాం. ఎవరు చేసేవాళ్లు, ఎవరు చేయించుకునేవాళ్లు అన్న లెక్క కూడా ఓనమాలతోపాటే ఒంటబట్టిందని నా అనుమానం. కాదనేవాళ్లు చెప్పండి.

అడవివరం పంతులు:
కాదంటాను నాయనా. అర్ధనారీశ్వరుడిని చూడు, ఎడమ సగం అమ్మవారు. భద్రాచలంలో సీతమ్మ రాముడి ఎడమ తొడ మీద కూర్చుంటుంది. ఎదురుగా నిలబడి దండం పెట్టేవాడికి స్వామి ఎడమ పక్క, అమ్మవారు కుడి పక్క కనిపిస్తారు. శిల్పి చూసుకునేది దేవుడి కుడి ఎడమలే కానీ నీవీ నావీ కాదు. పెళ్లి ఫొటోలు కూడా ఆ వరసలోనే తీస్తారు. నువ్వు పోస్టర్‌లో పెట్టింది అదే పద్ధతి. దానికీ అక్షరాలకీ సంబంధమేముంది?

గాజువాక టీచర్:
పంతులుగారు చెప్పింది చాలా పెద్ద పాయింటు, దాటేయకూడదు. యూరప్ బొమ్మల్లోనూ ఇదే చిక్కుంది. ఆదాము ఎడమ పక్క, అవ్వ కుడి పక్క ఉన్న బొమ్మలే ఎక్కువని మాస్ బృందమే తర్వాత చూపించింది. కానీ అక్కడ కూడా క్రీస్తు కుడి చెయ్యి వైపు గౌరవస్థానం. అంతిమ తీర్పు చిత్రాల్లో పుణ్యాత్ములు అటే ఉంటారు, అంటే చూసేవాళ్లకి ఎడమ పక్క. కాబట్టి పాత బొమ్మలు లెక్కపెట్టి లిపి ప్రభావమని తేల్చలేం. దేవుడూ గౌరవమూ లేని ప్రయోగాలే కావాలి.

అలాంటివి ఉన్నాయి. 1991లో బార్బరా ట్వెర్స్కీ, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి పిల్లలకి స్టిక్కర్లిచ్చి పొద్దుటి తిండి, రాత్రి భోజనం లాంటివి వరసగా అంటించమన్నారు. ఇంగ్లీషు పిల్లలు ఎడమ నుంచి, అరబిక్ పిల్లలు కుడి నుంచి మొదలుపెట్టారు. కుడి నుంచే రాసే హీబ్రూ పిల్లలు మధ్యస్థంగా ఉన్నారు. టిఫిన్‌కి ఆగమశాస్త్రం లేదు కదండీ పంతులుగారూ.

కానీ డిజైనర్ గారూ, "పుట్టుకతో రాలేదు" అని మీరు తేల్చేయడం తొందరపాటే. మీరు చెప్పిన ఆ పదోవాలోనే 2015లో మూడు రోజుల కోడిపిల్లల మీద ప్రయోగం చేశారు. ఐదు చుక్కలకి అలవాటు చేశాక రెండు చుక్కలు చూపిస్తే ఎక్కువగా ఎడమకి వెళ్లాయి, ఎనిమిది చూపిస్తే కుడికి. అంటే తక్కువ ఎడమకి, ఎక్కువ కుడికి అన్న వరస వాటికీ ఉంది. వాటికి ఏ బడిలో అక్షరాభ్యాసం చేశారు?

మన భాషలో ఇంకో సంగతుంది. "నక్క కాకిని తరిమింది" అన్నా, "కాకిని నక్క తరిమింది" అన్నా మనకి సరైన వాక్యమే. రెండోదాంట్లో దెబ్బ తినేదే ముందొస్తుంది. అప్పుడు మా పిల్లలు ఎవరిని ఎడమ పక్క గీస్తారు? వాక్యంలో మాటల వరస ఒకటి, రాత నడిచే దిక్కు ఇంకొకటి. ఈ రెంటినీ విడదీసి చూడటానికి తెలుగు చక్కగా పనికొస్తుంది.

పాతనగరం:
మా ఇంట్లో పరీక్ష రోజూ జరుగుతూనే ఉంటుంది. దాదీ ఖురాన్ కుడి నుంచి చదువుతుంది, కరెంటు బిల్లు ఎడమ నుంచి. మా అక్క పెళ్లి కార్డు ఒక పక్క తెరిస్తే ఉర్దూ, రెండో పక్క తెరిస్తే ఇంగ్లీషు. ఏది అట్టో, ఏది వెనకో ఎవరికివారే. ఉర్దూలో కూడా అంకెలు ఎడమ నుంచే రాస్తాం. ఒకే లైన్లో కన్ను రెండు వైపులా తిరుగుతుంది. మరి మాలాంటివాళ్లం ఏ లెక్కలోకి వస్తాం?

మన దేశం మీద ఒకటి చదివాను. 1989లో జ్యోత్స్న వైద్, మరొకరు కలిసి హిందీ, ఉర్దూ, అరబిక్ చదివేవాళ్లకి సగం నవ్వే ముఖాలు చూపించారు. హిందీవాళ్లు ఎడమ సగంలో నవ్వున్న ముఖమే ఎక్కువ సంతోషంగా ఉందన్నారు. ఉర్దూవాళ్లలో ఆ మొగ్గు కనిపించలేదు. కాబట్టి కొంత ఉందనే అనుకుంటున్నా. అయితే అది ముఖాలు చూడటం గురించి. దాన్ని పట్టుకుని ఆడా మగా దాకా లాగితే నేనొప్పుకోను. కుడి నుంచి రాసే సమాజాల్లో ఆడవాళ్ల మాట ఎక్కువ చెల్లుతోందా ఏటి?

జగదాంబ డిజైనర్:
అలా నేననలేదు బ్రదర్. అక్కడ బొమ్మ మాత్రమే తిరగబడుతుంది, పెత్తనం అలాగే ఉంటుంది. పెత్తనం ఎవరిదో సమాజం చెబుతుంది, వాళ్లు ఏ పక్క నిలబడాలో లిపి చెబుతుంది. నా బాధ రెండోదాని గురించే, ఎందుకంటే నా చేతిలో ఉన్నది అదొక్కటే.

అడవివరం పంతులు:
ఇప్పుడు దారికొచ్చావు. అయితే అక్షరాల తప్పేం లేదన్నమాట. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనం ఉంది. అందులో కొంత భాగం ఒక వరస ఎడమ నుంచి, తర్వాతి వరస కుడి నుంచి చెక్కారు, నాగలి చాలు తిరిగినట్టు. అది చెక్కినవాడు నెట్టేవాడిని ఎటు పక్క గీసేవాడో మీ ఇటలీవాళ్లని అడుగు.

గాజువాక టీచర్:
మంచి ప్రశ్నే పంతులుగారూ! పైగా దిక్కులన్నీ పుస్తకం నుంచే రానక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని పోర్మ్‌పురావ్ ఆదివాసులు కాలాన్ని తూర్పు నుంచి పడమరకి పేరుస్తారని 2010లో బోరోడిట్‌స్కీ, గాబీ చూపించారు. కూర్చున్న వైపు మారితే వరస కూడా మారుతుంది. మనమూ బీచ్ రోడ్డులో దారి చెప్పాలంటే సముద్రం వైపు, కొండ వైపు అంటాం కదా.

డిజైనర్ గారు చెప్పిన విభజనతో నాకు పేచీ లేదు. మాస్ బృందం 2009లో వేసిన పేపర్‌లో కూడా జంటలో మగవాడే చురుకైనవాడని నమ్మే చోటే అతన్ని ఎడమకి పెట్టే మొగ్గు కనిపించింది. కానీ ఇవి సగటు మీద తేలే చిన్న తేడాలు. ఒక పోస్టర్ చూసి ఒక మనిషి ఏమనుకుంటాడో దీన్నిబట్టి చెప్పలేం. మీ దగ్గర రెండు డిజైన్లూ ఉన్నాయి కాబట్టి పక్కపక్కన పెట్టకుండా, ఒక్కొక్కరికి ఒక్కటే చూపించి "ఎవరు ఎవరికి ఇస్తున్నారు?" అని అడగండి. ఉర్దూ చదివేవాళ్లని పాతనగరం బ్రదర్ చూసుకుంటారు. నక్కా కాకీ సంగతి నా క్లాసులో నేను చూస్తాను.