ఉద్యోగం మారాక పాత బాస్ సంతకం: ఆయన దయా, మన హక్కా?

క్వీన్స్_కోడలు:
సీపీఏ (అమెరికాలో లైసెన్స్ ఉన్న అకౌంటెంట్) పరీక్ష నాలుగు పేపర్లూ పాసయ్యాను. న్యూయార్క్ లైసెన్స్‌కి సీపీఏ పర్యవేక్షణలో ఏడాది పని చేసిన అనుభవం చూపించాలి. చిన్న ట్యాక్స్ ఆఫీసులో 11 నెలలు చేసి ఫిబ్రవరి ఆఖర్న మానేశాను. కొత్త కంపెనీలో మూడు నెలలైంది, ఇక్కడ నా పైన ఉన్న కంట్రోలర్ (అకౌంట్స్ హెడ్) సీపీఏనే. పాత ఆఫీసు పార్ట్‌నర్‌కి ఫారం 4బీ (నా అనుభవాన్ని ధ్రువీకరిస్తూ సూపర్‌వైజర్ సంతకం పెట్టే కాగితం) పంపి ఆరు వారాలు. మూడు మెయిళ్ళు పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు. ఆ సంతకం ఆయన దయ మీద ఆధారపడాలా?

పాతకాపు:
ఫిబ్రవరి ఆఖర్నా? ట్యాక్స్ రిటర్నుల గడువు ఏప్రిల్ 15 ముందు పెట్టుకుని? ఇంకొక్క నెల ఆగితే ఏడాది నిండేది కదమ్మా. 11 నెలలు 12 కావు.

రాత్రి_లెక్కలు:
ట్యాక్స్ సీజన్‌లో వారానికి 60 గంటలు చేసే ఉంటారు. 2,000 గంటలు ఎప్పుడో దాటాయి. ఏడాది అయిపోయినట్టే.

పాతకాపు:
అది వేరే రాష్ట్రాల లెక్క. న్యూయార్క్‌లో ఫుల్‌టైమ్ అంటే వారానికి 35 నుంచి 40 గంటలు, ఓవర్‌టైమ్ కలవదు. 11 అంటే 11.

రాత్రి_లెక్కలు:
అంటే అర్ధరాత్రి దాకా చేసింది గాలికేనా?

పాతకాపు:
జీతానికి. లైసెన్స్‌కి కాదు.

క్వీన్స్_కోడలు:
11 ని 12 అని నేనెక్కడ అన్నానండీ? మిగిలిన నెల ఇక్కడిది ఉంది. నాకు కావలసింది ఆ 11 నెలల కాగితం.

ఒక్కమాట:
పోస్టు చదివాక మాట్లాడండి బాబూ.

డెబిట్_అక్క:
ఏ యజమాని దగ్గర చేసిన కాలానికి అక్కడి సూపర్‌వైజరే వేరుగా 4బీ ఇవ్వాలి. కొత్త కంట్రోలర్ పాత నెలలకు సంతకం పెట్టలేరు, అడిగి ఇబ్బంది పెట్టకండి. ఇంకోటి, సీపీఏ వెరిఫై సైట్‌లో పాతాయన లైసెన్స్ చూసుకోండి, ఉచితమే. నా పాత మేనేజర్ ‘పెడతాలే’ అంటూ నాలుగు నెలలు తిప్పాడు. తీరా చూస్తే ఆయన లైసెన్సే రెన్యువల్ కాలేదు! ఆ ఆఫీసులోనే నా పనిని పైనుంచి చూసిన ఇంకో సీపీఏ పెట్టారు.

పాతకాపు:
మీరంతా సంతకం అంటే కొరియర్ వచ్చినప్పుడు పెట్టేది అనుకుంటున్నారు. నాదీ చిన్న ఆఫీసే. నిరుడు మార్చిలో ఇద్దరు ఒకే వారంలో వెళ్ళిపోయారు. సగం చేసిన రిటర్నులు నేనూ మా ఆవిడా కూర్చుని పూర్తి చేశాం. మేలో అందులో ఒకడు ఫారం పంపాడు. ‘ఎలా ఉన్నారు సార్’ అని కూడా లేదు.

రాత్రి_లెక్కలు:
పెట్టారా మరి?

పాతకాపు:
ఆగస్టులో పెట్టాను.

రాత్రి_లెక్కలు:
మూడు నెలలు కూర్చోబెట్టారన్నమాట. ఆ అబ్బాయి పని చేశాడా లేదా? చేశాడు. అది రాయడానికి మీ మనసు కుదుటపడాలా?

పాతకాపు:
నా లైసెన్స్ నంబరు వేసి ఇస్తున్నా. వాడికి పని వచ్చని ఊరంతటికీ నేను చెబుతున్నట్టు.

డెబిట్_అక్క:
ఇదిగో, అసలు తగువు ఇక్కడుంది. మీరు దాన్ని మెచ్చుకోలు కాగితం అనుకుంటున్నారు. అది ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా నా కింద ఫలానా పని చేశారన్న సాక్ష్యం. నచ్చకపోయినా జరిగింది జరిగిందే. ఒహాయోలో 2026 నుంచి డిగ్రీతో పాటు రెండేళ్ళ అనుభవం చూపించే దారి కూడా తెరిచారు. రెండేళ్ళంటే మధ్యలో ఉద్యోగం మారేవాళ్ళు ఇంకా ఎక్కువ. అందరూ పాత బాస్‌ల అలక తీరేదాకా ఆగాలా?

క్వీన్స్_కోడలు:
చెప్పకూడదనుకున్నా. జనవరిలో జీతం పెంచమని అడిగితే ఆయన నవ్వి, ‘నీ ఫారం నా చేతిలోనే ఉంది కదా’ అన్నారు. అందుకే సీజన్ అయ్యేదాకా ఆగలేదు.

ఒక్కమాట:
ఓహో.

పాతకాపు:
అలా అని ఉంటే తప్పే. ఆ మాట అనకూడదు. లైసెన్స్ ఇచ్చే బోర్డుకు మీ మెయిళ్ళన్నీ జతచేసి రాయండి. కానీ ఒకటి అడుగుతా, వెళ్ళేటప్పుడు మీ దగ్గర ఎన్ని రిటర్నులు మిగిలాయి?

క్వీన్స్_కోడలు:
తొమ్మిది. ఎనిమిదింటికి ఎక్కడ ఆగిందో నోట్స్ రాసి ఫైల్‌లో పెట్టి వచ్చాను.

పాతకాపు:
తొమ్మిదోది?

క్వీన్స్_కోడలు:
ఆ క్లయింటు కాగితాలే ఇవ్వలేదండీ.